పేరుకు ఐదు షిల్లింగులు

ఒందితి పోయాడని రేడియో చెప్పినప్పుడు
మ్బీతా రేవులో వలకి సీసపు గుళ్ళు కడుతున్నాను.
పుట్టిన ఏడు తప్పు చెప్పారు. ఊరూ తప్పే.
వెనకాల వేసిన గిటారు మాత్రం సరైనదే.
అందులో సగం నాది.

మొదటి గిటారు వంటనూనె డబ్బా.
తీగలు సైకిలు బ్రేకు కేబులు విప్పి లాగినవి.
సైకిలు చర్చి పంతులుగారిది.
దొరికింది వాడు. తన్నులు తిన్నాడు.
రెండోవాడెవడ్రా అంటే
నోరు విప్పలేదు.

వాళ్ళ తాత న్యతీతి వాయించేవాడు,
ఎనిమిది తీగలు, కాలి బొటనవేలికి ఇనుప కడియం,
దాంతోనే చెక్క మీద తాళం.
ఒందితి ఆ ఎనిమిదింటినీ ఆరు తీగల్లోకి కుక్కాడు.
మిగతా రెండూ గొంతులో దాచుకున్నాడనేవాళ్ళు జనం.
కాదు.
ఆ రెండూ నా చేతిలో ఉండేవి.

నైరోబీకి లారీలో వెళ్ళాం, ఎండు ఒమేనా బస్తాల మీద.
మగన్‌భాయి స్టూడియోలో ఒక్కటే మైకు.
"చేపల కంపు, దూరంగా నిలబడండి" అన్నాడు.
ఆ దూరం వల్లే మోత అంత బాగా కుదిరిందని
తర్వాత ఇరవై ఏళ్ళు తనే చెప్పుకున్నాడు.
చిన్న రికార్డు. మూడు నిమిషాలకో వైపు.
మాటలైపోయి గిటార్లు ఉరకలెత్తే చోట సరిగ్గా
ముల్లు చివరికొచ్చేది.
పెళ్ళి పందిట్లో ఎవడో తిరగేసేదాకా
ఎత్తిన కాలు ఎత్తినట్టే ఉంచేవాళ్ళు.

మా దగ్గర పాటలో పడాలంటే డబ్బు పెట్టాలి.
పేరుకు ఐదు షిల్లింగులు.
తండ్రి పేరుతో కలిపి ఎనిమిది.
పడవ పేరు కూడా కావాలంటే, బేరం.
మధ్యలో లేచి చెయ్యెత్తి మమ్మల్ని ఆపేవాళ్ళు:
"నేను సిందో ఒబీరిని,
సరస్సులో మొసలికి మేనల్లుణ్ణి!"
చేపలోంచి ముల్లు తీసి పిల్లాడి నోట పెట్టినట్టు
ఆ పేరుని మెత్తగా రాగంలో పెట్టేవాడు ఒందితి.
పడవల షావుకార్లు, పోలీసులు, ఒక పళ్ళ డాక్టరు,
దొంగ పశువుల బేరగాడు,
అందరూ ఉన్నారు ఆ పాటల్లో.
ఊరందరి పేర్లూ పాడి నీ పేరు పెంచుకున్నావురా
అని నవ్వేవాణ్ణి.
వాడు నవ్వేవాడు కాదు. చిల్లర లెక్కపెట్టేవాడు.

ముప్పై ఒక్క ఏళ్ళు. నా పేరు పాడలేదు.
ఒక రాత్రి, తాగి ఉన్నాను,
ఐదు షిల్లింగులు తీసి వాడి ఒళ్ళో పెట్టాను.
తిరిగి నా జేబులో కుక్కి
"శ్రుతి చూసుకో" అన్నాడు.

తర్వాత కేసెట్లొచ్చాయి.
ఒకటి అమ్మితే బజార్లో నలభై పుట్టేవి.
తర్వాత గుర్రపుడెక్క వచ్చి నీళ్ళని మూసేసింది.
పడవ కదలదు, పేరు కొనేవాడు లేడు.
చావు ఇళ్ళలో రాత్రంతా వాయించాం.
జనరేటరు అద్దె పోను భోజనం మిగిలేది.
పోయినవాడి పేరు మాత్రం ఉచితం.
అది వాడి నియమం. తెల్లారేదాకా పాడేవాడు,
ఎన్నిసార్లు అడిగితే అన్నిసార్లు.

ఎడమచెయ్యి పడిపోయాక
వాళ్ళావిడ అదేరో కబురంపింది.
ఉన్నది ఒకటే కుర్చీ. నేను బకెట్టు బోర్లించుకున్నాను.
కుడిచేత్తో వాడు మీటాడు. మెట్ల మీద నా వేళ్ళు.
చాలా తప్పులు దొర్లాయి.
ఎవరివో తేలలేదు.
పక్కింటి పిల్లలు వచ్చి, చూసి, వెళ్ళిపోయారు.

రేపు రాత్రి రుసింగాలో
వాడి వాకిట్లో బల్బులు కడతారు.
నేను వాయిస్తాను. పాడటం నాకు రాదు.
ఎవరో కుర్రాడు పాడతాడట, వాడి పేరు, ఉచితంగా.

పంతులుగారూ ఇప్పుడు లేరు.
సైకిలు సంగతి చెప్పొచ్చు.
కేబులు కోసింది నేను.